కొండల్లో వేటకు తేలికైన బోల్ట్-యాక్షన్ రైఫిల్ ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో వేట మొదలుపెట్టిన మనవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, మోయడానికి తేలికగా ఉండే బోల్ట్-యాక్షన్ ఒకటి చెప్పు, కొనేస్తా." (బోల్ట్-యాక్షన్ అంటే ప్రతి రౌండ్‌కూ బోల్ట్ అనే పిడిని చేత్తో ఆడించి తూటా లోపలికి తోసే రైఫిల్.) ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరు విని కొన్నవాళ్లలో చాలామంది మొదటి సీజన్ అవ్వకముందే దాన్ని అమ్మేయడానికి చూస్తుంటారు. రైఫిల్ చెడ్డదై కాదు. కొనేటప్పుడు బరువు ఒక్కటే చూశారు, ఆ బరువుతో గురి ఎంతవరకు కుదురుతుందో చూడలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. షాపులో దొరికే అన్నిటికన్నా తేలికైన రైఫిల్ మీకు అక్కర్లేదు. రోజంతా భుజాన మోసి, ఆయాసంతో కూర్చుని కూడా గురి నిలపగలిగిన వాటిలో తేలికైనది కావాలి. అది చాలామందికి స్కోప్ (గురి చూసే దుర్భిణి), స్లింగ్ (భుజానికి తగిలించే పట్టీ), తూటాలు అన్నీ కలిపి 7 నుంచి 8 పౌండ్ల మధ్య తేలుతుంది. దాన్ని ఎలా ఎంచుకోవాలో కింద వరసగా ఉంది. కొలరాడో కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి), మ్యూల్ డియర్ (ఒక రకం జింక) వేటను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీ రాష్ట్రం వేరైతే ఎక్కడ మార్చుకోవాలో అక్కడే చెబుతాను.

ముందు చట్టం. ఇది దాటవేయకండి

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకునే హక్కు మామూలుగా లేదు. కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటి: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ మీ దగ్గర ఉండాలి. లైసెన్స్ గడువు తీరిన మరుక్షణం మినహాయింపూ పోతుంది. అప్పుడు బీరువాలో ఉన్న రైఫిల్ కూడా నేరమే. చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీతో సరదాగా నాలుగు రౌండ్లు కాల్చడం కూడా "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. ఆఫీసు టీమ్ అవుటింగ్ అయినా సరే.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ ఇబ్బంది లేదు. గ్రీన్ కార్డు పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేస్తున్నవాళ్లు మాత్రం కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. స్నేహితుల సలహా ఇక్కడ పనికిరాదు.

"మావాడు సిటిజన్, వాడి పేరు మీద కొనేద్దాం" అనే ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. మీరు డబ్బులిచ్చి వేరొకరితో కొనిపిస్తే, కొన్నవాడూ మీరూ ఇద్దరూ ఫెడరల్ నేరంలో ఇరుక్కుంటారు. షాపులో నింపే ఏటీఎఫ్ (తుపాకీల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) ఫారం 4473లో మొదటి ప్రశ్నల్లోనే ఇది అడుగుతారు. అదే ఫారంలో గంజాయి వాడకం గురించీ ఉంటుంది. కొలరాడోలో గంజాయి దుకాణం వీధికొకటి ఉన్నా, ఫెడరల్ చట్టానికి దానితో పనిలేదు.

కావలసినవి

- హంటర్ ఎడ్యుకేషన్ కార్డు. కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లందరికీ తప్పనిసరి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినవాళ్లకు.
- వేట లైసెన్స్, అడ్రస్ రుజువు ఉన్న ఐడీ
- ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు. మనవాళ్ల ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఈ పనికి దాన్ని మించింది లేదు.
- చలికాలంలో వేసుకునే మందపాటి జాకెట్, వీపున తగిలించుకునే బ్యాగ్
- మీరు కొనబోయే క్యాలిబర్‌లో (తూటా సైజులో) నాలుగైదు స్నాప్ క్యాప్‌లు, అంటే మందు లేని ఉత్తుత్తి తూటాలు
- ఒక డాలర్ నోటు, చిన్న నోటుబుక్
- చెవులకు, కళ్లకు రక్షణ
- బడ్జెట్. రైఫిల్‌కి ఎంతో, స్కోప్‌కి ఎంతో, ప్రాక్టీసు తూటాలకు ఎంతో విడివిడిగా రాసుకోండి. మూడోది సున్నా అయితే మొదటిదాన్ని తగ్గించండి.

1. ఎక్కడ, ఎలా వేటాడతారో తేల్చుకోండి

కొలరాడోలో ఎల్క్ తిరిగే చోట్లు చాలావరకు 8 వేల అడుగుల పైన ఉంటాయి. తెల్లవారకముందే నడక మొదలై, చీకటి పడ్డాక ముగుస్తుంది. అలాంటి వేటలో రెండు పౌండ్ల తేడా మధ్యాహ్నానికల్లా భుజానికి తెలుస్తుంది. ఇక్కడ తేలికపాటి రైఫిల్‌కు అర్థముంది.

టెక్సాస్‌లో పద్ధతి వేరు. లీజుకు తీసుకున్న రాంచ్‌లో ట్రక్కు దిగి, కాస్త నడిచి, బ్లైండ్‌లో (దాక్కునే చిన్న గదిలో) కూర్చుని ఫీడర్ (మేత పెట్టే డబ్బా) దగ్గరికి వచ్చే వైట్‌టెయిల్ జింక కోసం ఎదురుచూస్తారు. మోసేదే లేనప్పుడు తేలిక కోసం అదనంగా డబ్బు పోయడం దండగ. 8 పౌండ్ల మామూలు రైఫిల్ తక్కువ తన్నుతుంది (కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ తక్కువ), కిటికీ అంచు మీద కదలకుండా కూర్చుంటుంది. మీది ఈ రకం వేటైతే ఇక్కడితో ఆగి, ఏదైనా సాధారణ బరువు రైఫిల్ తీసుకోండి.

న్యూజెర్సీవాళ్లు ఇంకా ముందే ఆగాలి. అక్కడ జింకల వేటకు మామూలు సెంటర్‌ఫైర్ రైఫిల్‌కు అనుమతి లేదు. షాట్‌గన్, మజిల్‌లోడర్ (గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకీ), విల్లు వాడాలి. ఒహాయోలో జింకకు రైఫిల్ వాడొచ్చు గానీ స్ట్రెయిట్-వాల్ తూటాలు (మెడ దగ్గర సన్నబడనివి) మాత్రమే. అంటే కింద నేను చెప్పే క్యాలిబర్‌లు అక్కడ పనికిరావు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండి వేరే రాష్ట్రానికి వేటకు వెళ్లేవాళ్లు కొంటే కొనండి గానీ, ముందు మీ రాష్ట్రంలో కొనుగోలు అనుమతి కార్డు తీసుకోవాల్సి ఉంటుంది. ఇల్లినాయ్‌లోనూ కార్డు కావాలి.

2. మొత్తం బరువుకు లెక్క వేయండి

కంపెనీ చెప్పే బరువు ఖాళీ రైఫిల్‌ది. మీరు మోసేది అది కాదు. ఒక ఉదాహరణ చూడండి:

- రైఫిల్: 6.2 పౌండ్లు
- స్కోప్, రింగ్‌లు: 1.1 పౌండ్లు
- స్లింగ్: 0.2
- మ్యాగజైన్‌లో తూటాలు: 0.2
- మొత్తం: 7.7 పౌండ్లు, అంటే దాదాపు 3.5 కిలోలు

ఇది కొండకు బాగా సరిపోయే బరువు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. రైఫిల్‌లో ఒక పౌండు తగ్గించడానికి వెయ్యి డాలర్లు ఎక్కువ పెట్టి, దాని మీద రెండు పౌండ్ల 5-25 పవర్ (5 నుంచి 25 రెట్లు పెద్దగా చూపే) టార్గెట్ స్కోప్ బిగిస్తారు. వెయ్యి డాలర్లూ పోయాయి, బరువూ తగ్గలేదు. పైగా బరువంతా పైకి చేరి రైఫిల్ పక్కకు దొర్లుతూ ఉంటుంది.

మొత్తం బరువు 6.5 పౌండ్ల కిందికి దించాలనుకుంటే మాత్రం ఆలోచించండి. తేలిక రైఫిల్ మీ గుండె కొట్టుకోవడాన్ని కూడా గొట్టం చివరకు చేరవేస్తుంది. గాలికి ఊగుతుంది. ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడికే పక్కకు జరుగుతుంది. అనుభవం ఉన్నవాళ్లు దాన్ని అదుపు చేయగలరు. మొదటి రైఫిల్‌గా అది వద్దు.

3. క్యాలిబర్ ముందు, రైఫిల్ తర్వాత

తేలిక రైఫిల్ ఎక్కువ తన్నుతుంది. తూటా అదే అయితే, రైఫిల్ బరువు ఎంత తగ్గితే భుజానికి తగిలే శక్తి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 8 పౌండ్ల రైఫిల్‌లో .308 విన్చెస్టర్ సుమారు 16 ఫుట్-పౌండ్లు (శక్తి కొలత) తన్నితే, 6 పౌండ్లలో అదే తూటా 21 దాటుతుంది. .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే బలమైన తూటా) ఎనిమిదిన్నర పౌండ్ల రైఫిల్‌లోనే 26 దాకా ఉంటుంది. దాన్ని ఆరున్నర పౌండ్లలో పెడితే 34. అలాంటిది పది రౌండ్లు కాల్చాక ట్రిగ్గర్ నొక్కేముందే కన్ను మూసుకుపోతుంది. ఆ అలవాటు ఒకసారి పట్టిందంటే వదిలించుకోవడం కష్టం.

కొలరాడో నియమం ఇలా ఉంది: పెద్ద జంతువులకు కనీసం .24 క్యాలిబర్, జింకకు కనీసం 70 గ్రెయిన్‌ల (బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం) బుల్లెట్, ఎల్క్‌కు 85 గ్రెయిన్‌లు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి, గొట్టం కనీసం 16 అంగుళాలు. ఈ గీత దాటిన వాటిలోంచి నేను చెప్పేవి:

7ఎంఎం-08 రెమింగ్టన్. తేలిక రైఫిల్‌కు నా మొదటి ఎంపిక. 1980లో వచ్చింది. .308 కన్నా మెత్తగా తన్నుతుంది. 140 గ్రెయిన్‌ల మంచి బుల్లెట్‌తో జింకకూ ఎల్క్‌కూ సరిపోతుంది. చిన్న ఊరి షాపుల్లో తూటాలు తక్కువ రకాలు దొరుకుతాయి, అదొక్కటే లోపం.

6.5 క్రీడ్‌మూర్. 2007లో టార్గెట్ పోటీల కోసం వచ్చి వేటలోకి దూరింది. తన్ను తక్కువ, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఎల్క్ మీద వాడితే దూరం తగ్గించుకోండి, గట్టి బుల్లెట్ వాడండి.

.308 విన్చెస్టర్. 1952 నాటిది. వాల్‌మార్ట్ నుంచి పల్లెటూరి హార్డ్‌వేర్ షాపు దాకా ఎక్కడైనా తూటా దొరుకుతుంది. తన్ను కాస్త ఎక్కువ, తట్టుకోలేనంత కాదు.

.270 విన్చెస్టర్. 1925 నుంచి ఉంది, కొండ వేటగాళ్లకు పాత నేస్తం. లాంగ్ యాక్షన్ (బోల్ట్ ఆడే భాగాన్ని యాక్షన్ అంటారు, ఇది దానిలో పొడవు రకం) కావాలి కాబట్టి రైఫిల్ కొద్దిగా పొడవు, కొద్దిగా బరువు.

.243 విన్చెస్టర్‌తో ఎల్క్ వేట కొలరాడోలో చట్టబద్ధమే. కొత్తవాళ్లకు మాత్రం సలహా ఇవ్వను. జింకకు, ప్రాంగ్‌హార్న్‌కు (జింకలాంటి మైదాన జంతువు), లేదా సన్నగా ఉండేవాళ్లకు మొదటి రైఫిల్‌గా చాలా మంచిది. మ్యాగ్నమ్‌ల సంగతి ఈ గైడ్‌లో ఇంకెత్తను. "ఎల్క్ అంటే .300 మ్యాగ్ ఉండాల్సిందే" అని షాపులో ఎవరైనా అంటే, నవ్వి ఊరుకోండి.

4. మూడు నాలుగు పేర్లకు జాబితా కుదించండి

బరువులన్నీ ఖాళీ రైఫిల్‌వి. క్యాలిబర్‌ని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతాయి.

రూగర్ అమెరికన్. 6 నుంచి 6.5 పౌండ్లు. ఈ జాబితాలో అన్నిటికన్నా చవక. ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించి చేత్తో పట్టుకునే దిమ్మ) కాస్త వంగుతుంది, బోల్ట్ మొదట్లో గరగరమంటుంది, అయినా గురి బాగా ఉంటుంది. జెన్ 2 అని వచ్చిన కొత్త మోడల్‌లో స్టాక్ గట్టిది, సేఫ్టీకి మూడు స్థానాలున్నాయి. పాతదాని కన్నా అదే తీసుకోండి.

టిక్కా టీ3ఎక్స్ లైట్. ఫిన్లాండ్‌లో రీహిమాకి అనే ఊళ్లో సాకో ఫ్యాక్టరీలో తయారవుతుంది. 6 పౌండ్ల పైచిలుకు. బోల్ట్ నునుపు ఈ ధరలో ఇంకెక్కడా దొరకదు. ట్రిగ్గర్ బిగువు మీరే సర్దుకోవచ్చు. లోపాలూ చెప్పాలి. అన్ని క్యాలిబర్‌లకూ ఒకే పొడవు యాక్షన్ వాడతారు కాబట్టి .308లో కొన్నా యాక్షన్ పొడవు తగ్గదు. అదనపు మ్యాగజైన్ ప్లాస్టిక్‌దే అయినా ధర మాత్రం ప్లాస్టిక్‌లా ఉండదు. సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ లాక్ అవుతుంది. అంటే తూటా బయటికి తీయాలంటే సేఫ్టీ తీయాలి. ఆ క్షణంలో గొట్టం ఎటు ఉందో గమనించే అలవాటు చేసుకోవాలి.

సావేజ్ 110 అల్ట్రాలైట్. కార్బన్ ఫైబర్ చుట్టిన గొట్టం, షార్ట్ యాక్షన్‌లో 6 పౌండ్లకు కాస్త లోపలే. స్టాక్ పొడవు, చెంప ఆనే ఎత్తు మార్చుకునే వీలుంది. పొట్టిగా లేదా బాగా పొడుగ్గా ఉన్నవాళ్లకు ఇది పెద్ద సుఖం.

విన్చెస్టర్ మోడల్ 70 ఫెదర్‌వెయిట్. 1952 నుంచి ఉన్న పేరు. ఇప్పటి లెక్కలో అంత తేలికేం కాదు, 7 పౌండ్ల దగ్గర ఉంటుంది. కానీ చెక్క స్టాక్, మూడు స్థానాల సేఫ్టీ, తూటాను మొదటి నుంచి పట్టి ఉంచే పాత మౌజర్ తరహా పంజా. చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. చెక్క స్టాక్ మంచులో తడిస్తే ఉబ్బే అవకాశం ఉంది, తుడుచుకుంటూ ఉండాలి.

కింబర్ 84ఎం. కొన్ని మోడళ్లు 5 పౌండ్ల దగ్గర ఉంటాయి. మౌంటెన్ అసెంట్ అయితే 4 పౌండ్ల 13 ఔన్సులే. అద్భుతమైన ఇంజనీరింగ్. రెండో రైఫిల్‌గా కొనండి.

క్రిస్టెన్సెన్ రిడ్జ్‌లైన్, బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్, బెర్గారా కూడా మంచివే. ఎక్స్-బోల్ట్‌లో సేఫ్టీ వేసి ఉండగానే చిన్న బటన్ నొక్కి బోల్ట్ తెరవొచ్చు, అది నాకు నచ్చే ఏర్పాటు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు టిక్కా, సావేజ్ దగ్గర మొదలుపెట్టండి.

5. షాపులో పరీక్ష

యూట్యూబ్ చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు కోల్పోయేది ఈ అడుగే. వారాంతం కాకుండా మామూలు రోజు వెళ్లండి. జాకెట్ తీసుకెళ్లండి, కొట్లో వేడిగా ఉన్నా సరే వేసుకోండి. వీసా మీద ఉన్నవాళ్లు లైసెన్స్ చేతికి రాకముందు రైఫిల్ పట్టుకోకండి.

అ) రైఫిల్ చేతికి రాగానే బోల్ట్ తెరిచి ఛాంబర్ (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు) ఖాళీనా చూడండి, వేలితో తడిమి చూడండి. షాపువాడు ఇప్పుడే చూశాడు కదా అనుకోవద్దు. గొట్టం మనుషులు లేని వైపు ఉంచండి.

ఆ) కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి. చెంప స్టాక్‌కి ఆనాక కళ్లు తెరవండి. స్కోప్ ఉంటే చిత్రం నిండుగా, అంచుల్లో నల్లటి నీడ లేకుండా కనపడాలి. మెడ చాచాల్సి వచ్చినా, చెంప గాల్లో తేలినా ఆ స్టాక్ మీది కాదు. మనవాళ్లలో చాలామందికి మామూలు స్టాక్ పొడవు, పదమూడున్నర పైచిలుకు అంగుళాలు, జాకెట్ మీద ఎక్కువవుతుంది. కాంపాక్ట్ మోడల్ అడగండి. ఆడవాళ్లకే అని లేబుల్ ఉందని మొహమాటపడొద్దు.

ఇ) భుజం నుంచి దించకుండా బోల్ట్ నాలుగైదుసార్లు వేగంగా ఆడించండి. ఎక్కడైనా ఇరుక్కుంటోందా? హ్యాండిల్ స్కోప్‌కి వేళ్లు తగిలేలా పైకి లేస్తోందా? గ్లౌజుతో కూడా చేసి చూడండి.

ఈ) అడిగి స్నాప్ క్యాప్‌లు మ్యాగజైన్‌లో నింపండి. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి లోపలికి తోసి బయటికి తీయండి. ప్రతి తూటా ఆగకుండా వెళ్లాలి, బయటికి ఎగిరి పడాలి. ఏదైనా ఇరుక్కుంటే అదే మోడల్‌లో ఇంకో పీస్ అడగండి.

ఉ) ట్రిగ్గర్. అనుమతి తీసుకుని ఖాళీగా నొక్కి చూడండి. అద్దం ముక్క విరిగినట్టు ఒక్కసారిగా తెగాలి. సాగుతూ, గరుకుగా వస్తే తేలిక రైఫిల్‌లో అది ఘోరం. ఎందుకంటే 6 పౌండ్ల రైఫిల్ మీద 6 పౌండ్ల ట్రిగ్గర్ నొక్కితే రైఫిలే కదులుతుంది. 2.5 నుంచి 3.5 పౌండ్ల మధ్య ఉంటే వేటకు మంచిది. చలికి మొద్దుబారిన వేళ్లతో వాడాలి కాబట్టి అంతకన్నా తక్కువ వద్దు.

ఊ) గొట్టానికీ స్టాక్‌కీ మధ్య డాలర్ నోటు జొప్పించి వెనక్కి లాగండి. చాలా మోడళ్లలో అది ఆటంకం లేకుండా యాక్షన్ దాకా రావాలి. కొన్నిటికి కావాలనే గొట్టానికి ఆనే ఒత్తిడి చుక్క ఉంచుతారు, అడిగి తెలుసుకోండి. తర్వాత స్టాక్ ముందుభాగాన్ని బ్యాగ్ మీద ఆనించి కొద్దిగా నొక్కండి. గొట్టాన్ని తాకేంత వంగితే గురి మారుతుంది.

ఋ) త్రాసుతో తూచండి. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. ప్రకటనలోని బరువుకూ దీనికీ తేడా ఉంటే రాసుకోండి.

చివరగా, రైఫిల్‌ని కొట్టు అవతలి వైపు గుర్తు మీద గురిపెట్టి అరనిమిషం నిలబడండి. అది మరీ ముందుకు వాలుతోందా, లేక గొట్టం గాల్లో తేలుతోందా? నిలబడి గురిపెట్టేటప్పుడు ముందు వైపు కొద్దిపాటి బరువు ఉంటేనే నిలకడ. అందుకే ఒకే బరువున్న రెండిటిలో 20 అంగుళాల గొట్టం కన్నా 22 అంగుళాలది నాకు ఎక్కువ నచ్చుతుంది.

6. స్కోప్ విషయంలో తొందర వద్దు

3-9x40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్సు 40 మి.మీ.) లేదా దానికి దగ్గరగా ఉన్నది చాలు. ఒక పౌండు దాటకూడదు. కళ్లకూ స్కోప్‌కూ మధ్య మూడున్నర నుంచి నాలుగు అంగుళాల దూరం ఇచ్చేది తీసుకోండి. తేలిక రైఫిల్ వేగంగా వెనక్కి వస్తుంది. ఏటవాలు పైకి కాల్చేటప్పుడు మొహం ముందుకు జరిగి ఉంటుంది. కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారపు గాటుతో ఆఫీసుకు వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను.

రింగ్ స్క్రూలు చేతి బలంతో బిగించకండి. అంగుళం-పౌండ్ల టార్క్ రెంచ్ కొనండి, తయారీదారు చెప్పిన అంకెకు బిగించండి. స్టాక్‌ని పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలకూ అంతే. "రైఫిల్ చెడిపోయింది, గురి తిరుగుతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ స్క్రూల దగ్గరే తేలుతుంది.

మజిల్ బ్రేక్ (గొట్టం చివర బిగించే రంధ్రాల ముక్క) పెడితే తన్ను తగ్గుతుంది, నిజమే. కానీ చప్పుడు పక్కలకూ వెనక్కీ తిరిగి చెవులు దెబ్బతింటాయి. వేటలో చెవి మఫ్‌లు పెట్టుకోవడం మర్చిపోయేది మనమే కదా. నేనైతే బ్రేక్ పెట్టించే బదులు చిన్న క్యాలిబర్ కొంటాను.

7. రేంజ్‌లో సరిచూసుకోవడం

*జీరో చేయడం.* అంటే స్కోప్ చూపే చోటే తూటా పడేలా సర్దడం. బోల్ట్ తీసేసి, రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా ఉంచి, వెనకనుంచి గొట్టంలోంచి 25 గజాల టార్గెట్ చూడండి. గొట్టం చూసే చోటికే స్కోప్‌నీ తిప్పండి. బోల్ట్-యాక్షన్‌లో ఇదొక సదుపాయం, లేజర్ అక్కర్లేదు. తర్వాత కాల్చి సరిచేసుకుని 100 గజాలకు జరగండి. 100 దగ్గర రెండు అంగుళాలు పైన పడేలా పెట్టుకుంటే, పైన చెప్పిన క్యాలిబర్‌లు సుమారు 200 గజాల దగ్గర గురిలో ఉంటాయి.

*బెంచ్ మీద పట్టు.* బరువైన టార్గెట్ రైఫిల్‌ని సంచి మీద వదిలేసి ట్రిగ్గర్ మాత్రమే తాకుతారు. తేలికదాన్ని అలా వదిలేస్తే ఎగిరిపడుతుంది, గుంపు (టార్గెట్ మీద రంధ్రాల సమూహం) చెదిరిపోతుంది. ముందు చేత్తో స్టాక్‌ని పట్టుకోండి, భుజంలోకి సమంగా లాక్కోండి. ప్రతిసారీ ఒకేలా.

*గొట్టం చల్లారనివ్వండి.* సన్నటి గొట్టం మూడు నాలుగు రౌండ్లకే వేడెక్కుతుంది, గుంపు పైకో పక్కకో పాకుతుంది. మూడు కాల్చి, చేత్తో తాకితే చల్లగా అనిపించేదాకా ఆగండి. ఈలోగా పక్కవాడితో కబుర్లు చెప్పండి. వేడి గొట్టంతో పది రౌండ్లు వరసగా కాల్చి రైఫిల్‌ని తిట్టడం ఇక్కడ రోజూ కనిపించే దృశ్యం.

*దేన్ని కొలవాలి?* ఒక్క మూడు రౌండ్ల గుంపు చూసి "అంగుళంలో పడ్డాయి" అని సంబరపడకండి. అది అదృష్టం కావచ్చు. వేటలో ముఖ్యమైనది చల్లటి గొట్టంలోంచి వచ్చే మొదటి రౌండ్. రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ మొదటి రౌండ్ ఎక్కడ పడిందో ఒకే కాగితం మీద గుర్తుపెట్టండి. అవన్నీ 100 గజాల దగ్గర రెండు అంగుళాల లోపు ఉంటే రైఫిల్ బాగున్నట్టే. జింక గుండె-ఊపిరితిత్తుల భాగం 8 అంగుళాల పళ్లెం అంత ఉంటుంది. ఎల్క్‌ది ఇంకా పెద్దది.

*తూటా మార్చి చూడండి.* ఒకే రకం నచ్చకపోతే రైఫిల్ అమ్మేయొద్దు. కనీసం మూడు రకాల తూటాలు, వేర్వేరు బుల్లెట్ బరువులతో ప్రయత్నించండి. సన్నటి గొట్టాలకు పట్టింపులెక్కువ.

*ఉలికిపాటు పరీక్ష.* స్నేహితుడిని మ్యాగజైన్ నింపమనండి, అసలు తూటాల మధ్య ఎక్కడో ఒక స్నాప్ క్యాప్ కలిపి. ఏది ఎప్పుడొస్తుందో మీకు తెలియకూడదు. స్నాప్ క్యాప్ వచ్చినప్పుడు గొట్టం కిందికి దూకితే, తప్పు రైఫిల్‌ది కాదు. అప్పుడు ఖాళీ రైఫిల్‌తో ఇంట్లో ప్రాక్టీసు పెంచండి, తూటాలు ఇంకో గదిలో పెట్టి. అప్పటికీ తగ్గకపోతే చిన్న క్యాలిబర్‌కి దిగండి.

*అసలు పరీక్ష.* బెంచ్ వదిలేయండి. 100 గజాల దగ్గర 8 అంగుళాల పేపర్ ప్లేట్ పెట్టి, రేంజ్ నియమాలు ఒప్పుకుంటే, నేల మీద కూర్చుని ఐదు, మోకాలి మీద ఐదు, బ్యాగ్ మీద ఆనించి ఐదు కాల్చండి. కాల్చేముందు అక్కడే ఇరవై గుంజీళ్లు తీయండి, ఆయాసం రావాలి. అన్నీ ప్లేట్‌లో పడితే దూరం పెంచండి. ఎక్కడ మొదటిది తప్పుతుందో, దానికి ముందు దూరమే మీ వేట దూరం. ఏ కొత్త స్కోప్ కొన్నా అది మారదు. ఇంట్లో రెండు రైఫిళ్లుంటే రెండిటితోనూ ఇదే చేయండి. తేలికదానితో 150 గజాలు, బరువుదానితో 250 వస్తే, ఏది మోయాలో మీకే తెలుస్తుంది.

20 రౌండ్ల తర్వాత ఒకసారి, సీజన్ ముందు ఇంకోసారి స్క్రూలన్నీ టార్క్ రెంచ్‌తో తనిఖీ చేయండి.

పాతది కొంటే

డబ్బు ఆదా చేయడానికి మంచి దారి. ఒకే సీజన్ వాడి అమ్మిన తేలిక రైఫిళ్లు చాలా దొరుకుతాయి, ఎందుకు అమ్ముతారో పైన చదివారుగా. గొట్టం లోపల తుప్పు గుంటలు, స్టాక్‌లో పగుళ్లు, స్క్రూ తలలు అరిగి ఉండటం చూడండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగండి, వదిలేసి సేఫ్టీ తీయండి. తూటాను పేల్చే పిన్ అప్పుడే కొట్టుకుంటే ఆ రైఫిల్ వద్దు. రెమింగ్టన్ 700, మోడల్ సెవెన్ కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌లను కంపెనీ 2014లో వెనక్కి పిలిచింది. అంతకు ముందు నాటి పాత ట్రిగ్గర్‌ల మీదా కోర్టు గొడవలు నడిచాయి. సీరియల్ నంబర్‌తో విచారించండి, లేదా ట్రిగ్గర్ మార్పించుకోండి.

ప్రైవేటు మనిషి దగ్గర కొన్నా షాపు ద్వారానే బదిలీ చేయించుకోండి. కొలరాడోలో మామూలుగా అది తప్పనిసరి కూడా. కొన్నాక రైఫిల్ చేతికి రావడానికి కనీసం మూడు రోజులు పడుతుంది, వయసు 21 నిండి ఉండాలి. సీజన్ ముందు రోజు కొట్టుకు పరిగెత్తితే లాభం లేదు.

ఇంటికి తెచ్చాక

తూటాలు వేరే చోట, రైఫిల్ తాళం వేసిన సేఫ్‌లో. పిల్లలున్న ఇంట్లో రైఫిల్‌ను వాళ్లకు అందకుండా భద్రపరచడం కొలరాడో చట్టం కూడా. ఇండియా నుంచి అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే వాళ్లకు తాళంచెవి అందుబాటులో ఉంచకండి, ఫొటో కోసమైనా రైఫిల్ చేతికివ్వకండి. వాళ్లకూ పైన చెప్పిన ఫెడరల్ చట్టమే వర్తిస్తుంది.

వేటకు కారులో వెళ్లేటప్పుడు ఛాంబర్‌లో తూటా ఉండకూడదు. విమానంలో అయితే ఖాళీ రైఫిల్‌ను తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్ దగ్గర చెప్పి, చెక్-ఇన్ బ్యాగేజీగా వేయాలి. కొలరాడో రైఫిల్ సీజన్‌లో నడుము పైన 500 చదరపు అంగుళాల ఫ్లోరెసెంట్ నారింజ లేదా గులాబీ రంగు, తలకు అదే రంగు టోపీ ఉండాలి.

వీసా మీద ఉన్నవాళ్లు లైసెన్స్ గడువుకు రెండు వారాల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. టెక్సాస్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా సాధారణంగా ఆగస్టు 31తో ముగుస్తుంది. జూలైలో కొన్నవాళ్లకు ఏడాది రాదు, నెల చిల్లరే వస్తుంది.